పాత మియాటాలో నాకింగ్ ఆగడం లేదా? ఇంజిన్ విప్పే ముందు ఇలా పట్టుకోండి

ఫోన్‌ని ఇంజిన్ పక్కన పెట్టి పది సెకన్లు రికార్డు చేసి, "అన్నా, ఇది లిఫ్టరా, రాడ్డా?" అని పంపేవాళ్ళు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. లిఫ్టరంటే వాల్వు మీద కూర్చునే చిన్న భాగం, రాడ్డంటే పిస్టన్‌ని క్రాంక్ అనే ఇరుసుకి కలిపే కడ్డీ. అందరిదీ ఇంచుమించు ఒకటే కథ. ఇన్నాళ్ళూ క్యామ్రీలో ఆఫీసుకు తిరిగి, మనసుపడి ముప్ఫై ఏళ్ళ నాటి మియాటా కొన్నారు. నెల తిరగకముందే టకటక మొదలైంది. ఒక షెడ్డువాడు ఇంజిన్ మార్చమన్నాడు, ఇంకొకడు ఆయిల్ మారిస్తే పోతుందన్నాడు. ఆడియో విని తేల్చడం మాత్రం నా వల్ల కాదు. ఫోన్ మైకు లోతైన చప్పుడును సగం మింగేసి, సన్న చప్పుడును పెంచి వినిపిస్తుంది. చప్పుడు ఎలా ఉందన్నదాని కంటే అది ఎప్పుడు వస్తోందన్నదే ఎక్కువ చెప్తుంది. ఈ పద్ధతంతా దాని మీదే నడుస్తుంది.

నేను చెప్పేది మొదటి తరం మజ్దా మియాటా గురించి, అంటే హెడ్‌లైట్లు పైకి లేచే కారు. అమెరికాలో 1990 నుంచి 1993 మోడల్ వరకు 1.6 లీటర్ల ఇంజిన్, 1994 నుంచి 1997 వరకు 1.8. 1999 మోడల్‌తో వచ్చిన రెండో తరానికి తేడా ఉన్నచోట విడిగా చెప్తాను. మీది వేరే పాత స్పోర్ట్స్ కారైనా వరస ఇదే పాటించవచ్చు, అంకెలు మాత్రం మీ సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోండి.

ముందు ఒక హద్దు

ఇంజిన్ వేడెక్కాక కింది భాగం నుంచి "డబ్ డబ్" అని లోతుగా కొడుతుంటే, పైగా ఆయిల్ ప్రెషర్ ముల్లు పడిపోతుంటే, కారు అక్కడే ఆపేయండి. ఇల్లు రెండు మైళ్ళే కదా అని నడపొద్దు. బేరింగ్ పోయి క్రాంక్ ఇంకా బాగున్న ఇంజిన్‌ని, ఆ రెండు మైళ్ళలో కనెక్టింగ్ రాడ్డు బ్లాకును చీల్చుకొని బయటికొచ్చిన ఇంజిన్‌గా మార్చేయవచ్చు. టో ట్రక్కు పిలిచి, నేరుగా 7వ మెట్టుకి వెళ్ళండి.

రెండు ముక్కల్లో సిద్ధాంతం

నాకింగ్ అని అందరూ ఒకే మాట వాడతారు గాని అవి రెండు వేర్వేరు జబ్బులు. మొదటిది పింగింగ్. స్పార్కు మంట చేరకముందే సిలిండర్‌లో మిగిలిన పెట్రోలు మిశ్రమం తనంతట తానే పేలిపోతుంది. గాజు సీసాలో గోళీలు వేసి ఊపినట్టు గలగలమంటుంది, ఇంజిన్ మీద బరువు పడ్డప్పుడే వస్తుంది. రెండోది అరిగిన లోహం లోహాన్ని కొట్టడం. పెట్రోలు, టైమింగ్ (పిస్టన్ పైకి చేరడానికి ఎంత ముందు స్పార్కు పడాలన్నది) మారిస్తే మొదటిది మారుతుంది. రెండోది వాటికి లొంగదు.

మొదటి తరం మియాటాకి నాక్ సెన్సర్ లేదు. కొత్త కార్లలో పింగింగ్ మొదలవగానే కంప్యూటరే టైమింగ్ వెనక్కి లాగుతుంది. ఇందులో ఆ పని మీ చెవులదే. రెండో తరం అమెరికా కార్లకి సెన్సర్ ఉంది కాబట్టి వాటిలో పింగింగ్ కంటే ముందు పికప్ తగ్గడం తెలుస్తుంది.

కావలసినవి

- మెకానిక్ స్టెతస్కోప్. లేకపోతే పొడవాటి స్క్రూడ్రైవర్ పిడిని చెవి వెనక ఎముకకి ఆనించినా సరిపోతుంది.
- టైమింగ్ లైట్. ఈ కారు బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, లైటు వైర్లు అంత దూరం అందవు. సొంత సెల్స్ ఉన్న లైటు కొనండి, లేదా జంప్ స్టార్టర్ ప్యాక్ నుంచి కరెంటు ఇవ్వండి.
- రెండు అంగుళాల వైరు ముక్క లేదా పేపర్ క్లిప్.
- 16 మి.మీ. స్పార్క్ ప్లగ్ సాకెట్, 12 మి.మీ. స్పానర్.
- కంప్రెషన్ గేజ్.
- ముల్లుతో పనిచేసే మెకానికల్ ఆయిల్ ప్రెషర్ గేజ్.
- ఆయిల్ ఫిల్టర్ కోసే కట్టర్, అయస్కాంతం, తెల్లటి నూలు గుడ్డ.
- ఒక నోట్‌బుక్. ఇది లేకుండా మొదలుపెట్టకండి.

ఇంజిన్ నడుస్తుండగా చెయ్యి పెట్టే పనులు ఇందులో చాలా ఉన్నాయి. మెడలో గొలుసు, చేతికి కట్టిన దారం తీసేయండి. బెల్టులు కంటికి కనిపిస్తాయి గాని ఎలక్ట్రిక్ ఫ్యాన్ చెప్పకుండా తిరుగుతుంది. కారు కిందికి వెళ్ళాలంటే జాక్ స్టాండ్లు తప్పనిసరి, జాకు ఒక్కదాన్నే నమ్మకండి.

1. చప్పుడు ఎప్పుడు వస్తోందో రాయండి

ఒక వారం మామూలుగా నడుపుతూ, వచ్చిన ప్రతిసారీ నాలుగు సంగతులు రాయండి: ఇంజిన్ చల్లగా ఉందా వేడిగా ఉందా, ఆర్‌పీఎం ఎంత, యాక్సిలరేటర్ నొక్కుతున్నప్పుడా వదిలినప్పుడా, ఏ గేరు. ఆ రాసినది ఇలా చదవండి:

- పొద్దున్నే స్టార్ట్ చేయగానే టిక్ టిక్, అయిదారు నిమిషాల్లో మాయం: లిఫ్టర్లు, ఎగ్జాస్ట్ లీకు, లేదా పిస్టన్ స్లాప్ (వదులైన పిస్టన్ సిలిండర్ గోడకి తగలడం).
- ఎత్తెక్కుతున్నప్పుడు, పెద్ద గేర్లో 2000 దగ్గర బాగా తొక్కితే గలగల. ఏసీ వేస్తే, ఎండాకాలం ఇంకా ఎక్కువ: పింగింగ్.
- వేడెక్కాకే వస్తుంది, 2500–3000 దగ్గర కాలు వదిలిన క్షణంలో బాగా వినిపిస్తుంది: రాడ్ బేరింగ్ అనుమానం.
- క్లచ్ తొక్కితే పెరుగుతుంది లేదా ఆగిపోతుంది: క్లచ్ రిలీజ్ బేరింగ్, లేదా క్రాంక్ థ్రస్ట్ బేరింగ్ (క్రాంక్ ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపేది).
- ఒకే ఒక్క ఆర్‌పీఎం దగ్గర జరజరమని, దాటితే ఉండదు: ఇంజిన్ బయట ఏదో రేకు.

పింగింగ్ అని రాసుకున్నవాళ్ళు ఒక పని ముందే చేసి చూడండి. అదే ఎత్తు ఒక గేరు కిందికి దించి ఎక్కండి. ఐదో గేర్లో 1500 మీద ఈడ్చడం ఆటోమేటిక్ కార్ల నుంచి వచ్చినవాళ్ళకి అలవాటు. చిన్న ఇంజిన్, తిరిగితేనే దానికి సుఖం. గేరు దించితే చప్పుడు పోయి, బాగా తొక్కినా రాకపోతే, అక్కడితో మీ పని అయిపోయినట్టే.

2. ఆయిల్, లిఫ్టర్లు

సమతలం మీద ఆపి, పది నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ చూడండి. ఈ ఇంజిన్‌లో పట్టేదే ఫిల్టర్‌తో కలిపి నాలుగు లీటర్ల లోపు. ఒక లీటరు తగ్గితే పాతిక శాతం పోయినట్టు. మలుపుల్లో గట్టిగా తిప్పినప్పుడు పంపు గాలి పీలుస్తుంది, ఆ గాలి లిఫ్టర్లలోకి చేరి టకటకమంటుంది.

మొదటి తరం అమెరికా కార్లన్నిటికీ హైడ్రాలిక్ లిఫ్టర్లే, వాల్వుకి ఒకటి చొప్పున 16. మన షెడ్డు భాషలో ట్యాపెట్ సౌండ్ అనేది ఇదే. కారు రెండు వారాలు కదలకుండా ఉంటే వాటిలోని ఆయిల్ కారిపోతుంది, తిరిగి నిండేదాకా చప్పుడు చేస్తాయి. అది జబ్బు కాదు. వేడెక్కి అరగంట అయినా ఆగకపోతే చూడాల్సిన విషయం.

చేయాల్సింది: ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చండి. 10డబ్ల్యూ-30 లేదా మంచి సింథటిక్ 5డబ్ల్యూ-30 వేయండి. ఫిల్టర్‌లో యాంటీ డ్రెయిన్‌బ్యాక్ వాల్వ్ ఉండాలి, రంధ్రాల వెనక రబ్బరు పొర కనిపిస్తే ఉన్నట్టే. అది లేని చవక ఫిల్టర్ వల్లే రోజూ పొద్దున్న టకటకమనే కార్లు చాలా ఉన్నాయి. 5డబ్ల్యూ-40 డీజిల్ ఆయిల్‌తో లిఫ్టర్లు నెమ్మదించాయని చెప్పే మియాటా యజమానులు బోలెడుమంది. అది వాడటంలో తప్పు లేదు. 20డబ్ల్యూ-50 జోలికి మాత్రం ఇప్పుడే వెళ్ళొద్దు. అది చిక్కగా ఉండి రాడ్ చప్పుడును కూడా కొన్నాళ్ళు కప్పేస్తుంది, మీ పరీక్షలన్నీ అబద్ధం చెప్తాయి.

ఏ లిఫ్టరో పట్టుకోవాలంటే: ఇంజిన్ వేడి చేసి ఆపండి, వెంటనే వాల్వ్ కవర్ తీయండి. క్యామ్ (వాల్వులను తెరిచే ఇరుసు) ముక్కు పైకి ఉన్న బకెట్లను, అంటే లిఫ్టర్లను, చెక్క పుల్లతో గట్టిగా నొక్కండి. మంచిది రాయిలా ఉంటుంది. మెత్తగా దిగితే అదే దొంగ. క్రాంక్‌ను స్పానర్‌తో తిప్పుతూ 16 చూడండి.

రెండో తరం 1.8కి ఇదేమీ వర్తించదు. అందులో షిమ్ములు (సందు సరిచేసే పలచని బిళ్ళలు) ఉంటాయి, చల్లని ఇంజిన్ మీద ఫీలర్ గేజ్‌తో సందు కొలవాలి: ఇన్‌టేక్ 0.18–0.24 మి.మీ., ఎగ్జాస్ట్ 0.28–0.34 మి.మీ.

3. ఇంజిన్ బయట ఉన్నవి తేల్చేయండి

ఇది పది నిమిషాల పని, చాలామంది వదిలేసేది కూడా ఇదే. ఇంజిన్ ఆపి, చల్లగా ఉన్నప్పుడు ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ మీది రేకు కవచాన్ని, క్యాటలిటిక్ కన్వర్టర్ రేకును రబ్బరు సుత్తితో తట్టండి. జరజరమంటే బోల్టు తుప్పు పట్టి ఊడింది.

మేనిఫోల్డ్ హెడ్‌కి కలిసేచోట నల్లటి మసి చారలు ఉన్నాయా చూడండి. అక్కడి లీకు అచ్చం లిఫ్టర్ లాగే టిక్ టిక్ అంటుంది, లోహం వేడికి వ్యాకోచించాక మూసుకుపోతుంది. తెల్లవారి మొదటి స్టార్ట్‌లో సబ్బు నీళ్ళు చిమ్మితే బుడగలు పట్టిస్తాయి.

ఆల్టర్నేటర్, పవర్ స్టీరింగ్ బేరింగుల మీద అనుమానం ఉంటే బెల్టులు తీసి స్టార్ట్ చేసి వినండి. ఆల్టర్నేటర్ బెల్టే వాటర్ పంపును కూడా తిప్పుతుంది కాబట్టి చల్లని ఇంజిన్ మీద అర నిమిషం మించి నడపొద్దు.

4. పెట్రోలు పరీక్ష

1వ మెట్టులో పింగింగ్ అని తేలినవాళ్ళకే ఇది. ట్యాంకు పావు వంతు కంటే కిందికి రానిచ్చి, 91 లేదా 93 ఆక్టేన్ పెట్రోలుతో నింపండి. యాభై మైళ్ళు నడిపి, అదే ఎత్తు, అదే గేరులో మళ్ళీ ఎక్కండి. గలగల పూర్తిగా పోయినా, బాగా తగ్గినా పింగింగ్ ఖాయం. అస్సలు తేడా లేకపోతే మళ్ళీ 1వ మెట్టులో రాసింది చదవండి, మీరు వేరే చప్పుడును పింగింగ్ అనుకుంటున్నారు.

చప్పుడు పోయింది కదా అని ఇక జీవితాంతం 93 పోయించుకుంటూ తిరగడమే ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు. ఈ ఇంజిన్ కంప్రెషన్ నిష్పత్తి (మిశ్రమాన్ని ఎన్ని రెట్లు నొక్కుతుందో) 1.6లో 9.4, 1.8లో 9.0. మామూలు 87 మీద చప్పుడు లేకుండా నడవాల్సిన కారు ఇది. 93 అడుగుతోందంటే టైమింగో, గాలో, వేడో, కార్బనో ఏదో తేడాగా ఉంది. కొలరాడో లాంటి ఎత్తైన రాష్ట్రాల్లో పంపు మీద 85 కూడా కనిపిస్తుంది. దాన్ని ఈ కారులో పోయకండి.

ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు 91 అంకె చూసి తికమక పడుతుంటారు. ఆక్టేన్ కొలిచే పద్ధతులు రాన్, మాన్ అని రెండున్నాయి. ఇండియాలో రాన్ లెక్క, అమెరికాలో ఆ రెండింటి సగటు. అక్కడి 91 దాదాపు ఇక్కడి 87.

5. బేస్ టైమింగ్

నా అంచనాలో పింగింగ్ కేసుల్లో ఎక్కువ భాగం ఇక్కడే దొరుకుతాయి. కారణం చెడిపోవడం కూడా కాదు. పాత యజమాని పికప్ కోసం టైమింగ్‌ను 14, 16 డిగ్రీలకి జరిపి, 93 పోయించి నడిపి, ఆ మాట చెప్పకుండా మీకు అమ్మేసి ఉంటాడు. మియాటా లోకంలో ఇది ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. కంపెనీ అంకె 10 డిగ్రీలు, ఒక డిగ్రీ అటూఇటూ.

మొదటి తరం కారులో ఇలా చూడాలి:

ఇంజిన్‌ను పూర్తిగా వేడెక్కనివ్వండి. ఏసీ, లైట్లు, రేడియో అన్నీ ఆపండి. రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతుంటే అది ఆగేదాకా ఆగండి. డ్రైవర్ వైపు, ఫైర్‌వాల్ దగ్గర డయాగ్నసిస్ అని రాసిన చిన్న పెట్టె ఉంటుంది. మూత తెరిచి, లోపలి వైపు ఉన్న పేర్లు చూసి టీఈఎన్, జీఎన్‌డీ రెండు రంధ్రాలను వైరు ముక్కతో కలపండి. పక్క రంధ్రంలో గుచ్చకుండా రెండుసార్లు చూసుకోండి. ఇప్పుడు ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పటి వేగం) 850 ఆర్‌పీఎం దగ్గర ఉండాలి. టైమింగ్ లైటు క్లిప్పును ఒకటో నంబరు ప్లగ్ వైరుకి తగిలించండి. ఒకటో నంబరు అంటే రేడియేటర్ వైపుది. లైటును క్రాంక్ పుల్లీ మీద కొట్టి, గీత ఎక్కడ నిలిచిందో చదవండి.

సరిచేయాలంటే హెడ్ వెనకాల, ఫైర్‌వాల్ వైపున్న క్యామ్ యాంగిల్ సెన్సర్ 12 మి.మీ. బోల్టు వదులు చేసి, వెంట్రుకవాసి తిప్పండి. బోల్టు బిగించాక మళ్ళీ లైటు కొట్టండి, ఎందుకంటే బిగించేటప్పుడే అది జరుగుతుంది. అక్కడ చెయ్యి పెట్టినప్పుడు వేలికి ఆయిల్ అంటితే ఆ సెన్సర్ ఓ-రింగ్ పోయినట్టు, ఈ కారులో అది చాలా మామూలు. పని అయ్యాక వైరు ముక్క తీసేయండి. అది మరిచిపోతే టైమింగ్ అక్కడే బిగుసుకుని, కారు ముసలి ఎద్దయిపోతుంది.

ఇక్కడ జరిగే తప్పులు మూడు. వైరు ముక్క పెట్టకుండా చూడటం: అప్పుడు కంప్యూటర్ తన ఇష్టం వచ్చినట్టు టైమింగ్ మారుస్తుంటుంది, గీత నాట్యం చేస్తుంది. ఇంజిన్ సగం వేడిలో చూడటం. మూడోది, పుల్లీ గీతనే గుడ్డిగా నమ్మడం. బయటి వలయానికీ లోపలి దిమ్మెకీ మధ్య రబ్బరు ఉన్న పుల్లీ అయితే, రబ్బరు ముదిరి వలయం జారిపోయి ఉండవచ్చు. ఒకటో ప్లగ్ తీసి, రంధ్రంలో పొడవాటి ప్లాస్టిక్ స్ట్రా పెట్టి, క్రాంక్‌ను చేత్తో తిప్పండి. స్ట్రా పైకొచ్చి ఆగినచోట గీత సున్నా దగ్గర ఉందా చూడండి. ఇనుప స్క్రూడ్రైవర్ పెట్టొద్దు, అడ్డం పడితే పిస్టన్ గీసుకుపోతుంది.

టైమింగ్ సరిచేసిన వారానికే మళ్ళీ మారిపోతుంటే, మీది 1990 లేదా 1991 తొలి కార్లలో ఒకటైతే, గుండె రాయి చేసుకోండి. ఆ ఇంజిన్లలో కొన్నింటికి క్రాంక్ ముక్కు పొట్టిది. పుల్లీని పట్టి ఉంచే చిన్న కీ ముక్క, దాని గాడి అరిగి, పుల్లీ అటూఇటూ ఊగుతుంది. టైమింగ్ జారుతుంది, పికప్ పోతుంది, చప్పుడూ చేస్తుంది. ఐడిల్‌లో పుల్లీని పైనుంచి, దూరంగా నిలబడి చూడండి. గిరగిరా సాఫీగా తిరగకుండా తొట్రుపడుతుంటే అనుమానించాల్సిందే. క్రాంక్ బోల్టు చుట్టూ పుల్లీ దిమ్మెలో నాలుగు గాళ్ళుంటే పొట్టి ముక్కు, ఎనిమిదుంటే పొడవు ముక్కు. లాక్‌టైట్ జిగురుతో అతికి బిగించే ఉపాయం ఒకటి యజమానుల్లో ప్రచారంలో ఉంది. గాడి కొద్దిగా తిన్నప్పుడు నిలుస్తుంది. బాగా తిన్న క్రాంక్‌కి వేరే ఇంజినే దారి.

మీరు కొన్న వెంటనే ఎవరైనా టైమింగ్ బెల్టు మార్చి ఉంటే, ఒక పన్ను తప్పి వేశారేమో కూడా చూడండి. పై కవరు తీస్తే క్యామ్ పుల్లీల మీద ఐ, ఈ గుర్తులు కనిపిస్తాయి, అవి వెనక పలక మీది గుర్తులతో కలవాలి.

6. గాలి, వేడి, కార్బన్

టైమింగ్ 10 దగ్గరే ఉండి ఇంకా పింగింగ్ ఉంటే ఈ మూడూ చూడాలి.

గాలి: 1.6లో గాలిని కొలిచే రెక్క మీటర్ నుంచి థ్రాటిల్ దాకా ఇంజిన్ ముందు నుంచి ఒక గొట్టం వెళ్తుంది. దాని ముడతల్లో పగుళ్ళు పుడతాయి. కొలవని గాలి దూరితే పెట్రోలు తక్కువై మిశ్రమం పలచబడుతుంది, పలచనిదే పేలుతుంది. గొట్టాన్ని వంచి మడతల లోపల చూడండి. సులువైన పరీక్ష: ఐడిల్‌లో ఆయిల్ మూత తీయండి. ఐడిల్ తడబడితే మంచిది. ఏ మార్పూ లేకపోతే గాలి అప్పటికే ఎక్కడి నుంచో దూరుతోంది. కార్బ్ క్లీనర్ చిమ్మి లీకు వెతికే పద్ధతి చాలాచోట్ల చూస్తారు. వేడి మేనిఫోల్డ్ దగ్గర అది అంటుకుంటుంది. సబ్బు నీళ్ళే వాడండి, లేదా షాపులో పొగ పరీక్ష చేయించండి. ఫ్యూయెల్ ఫిల్టర్ ఎప్పుడు మార్చారో తెలియకపోతే మార్చేయండి.

వేడి: టెంపరేచర్ ముల్లును నమ్మకండి, అది చాలా దూరం వరకు మధ్యలోనే కూర్చుంటుంది. రేడియేటర్ పైనున్న ప్లాస్టిక్ ట్యాంకు రంగు చూడండి. నల్లగా ఉంటే సరే. గోధుమ రంగుకు తిరిగితే పగలడానికి సిద్ధంగా ఉంది, పింగింగ్ సంగతి ఎలా ఉన్నా ముందు దాన్ని మార్చండి.

ప్లగ్గులు: నాలుగూ తీసి, వరస తప్పకుండా పెట్టి, భూతద్దంతో తెల్లటి పింగాణీ చూడండి. మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలు, మధ్యలో మెరిసే సన్న గుళికలు కనిపిస్తే అది పిస్టన్ అల్యూమినియం. ఇక టైమింగ్ సరిచేయకుండా ఒక్క మైలు నడపొద్దు. మామూలుగా పడేవి ఎన్‌జీకే బీకేఆర్5ఈ-11, సందు 1.1 మి.మీ. ఎండ ఎక్కువున్న ఊళ్ళలో, గట్టిగా నడిపేవాళ్ళు ఒక మెట్టు చల్లని బీకేఆర్6ఈ-11 వేసుకోవచ్చు.

కార్బన్: ఫోన్‌కి తగిలించే చవక బోరోస్కోప్‌తో ప్లగ్ రంధ్రంలోంచి పిస్టన్ తల చూడండి. మందంగా పెచ్చులు కట్టి ఉంటే టాప్ ఇంజిన్ క్లీనర్ వాడి, ఆ తర్వాత ఆయిల్ మార్చండి. కంప్రెషన్ పరీక్ష కూడా ఇప్పుడే చేసేయండి. బ్యాటరీ నిండుగా ఉండాలి, నాలుగు ప్లగ్గులూ తీయాలి, క్యామ్ యాంగిల్ సెన్సర్ కనెక్టర్ పీకేయాలి (స్పార్కు, పెట్రోలు రెండూ ఆగుతాయి), యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టాలి. 1.6కి 192 పీఎస్‌ఐ కొత్తది, 135 కనీసం, సిలిండర్ల మధ్య తేడా 28 మించకూడదు. అందరూ తక్కువ అంకె కోసమే వెతుకుతారు. పింగింగ్ కేసులో మీరు చూడాల్సింది ఎక్కువ వచ్చిన సిలిండర్ కోసం. ఒక్కటే మిగతావాటి కంటే బాగా పైన ఉంటే కార్బన్ అందులోనే పేరుకుంది.

7. కింది నుంచి కొట్టే చప్పుడు

ఆయిల్ ప్రెషర్‌తో మొదలుపెట్టండి. 1990 నుంచి 1994 వరకు కారులోని ముల్లు నిజంగా ప్రెషర్ చూపిస్తుంది. 1995 నుంచి అది నాటకం. ఏ కాస్త ప్రెషర్ ఉన్నా మధ్యలో నిలబడుతుంది, లేకపోతే పడిపోతుంది, అంతే. "ముల్లు మధ్యలోనే ఉంది కదా" అని ధీమాగా ఉన్నవాళ్ళు ముందు తమ కారు సంవత్సరం చూసుకోండి.

మెకానికల్ గేజ్‌ను ఇన్‌టేక్ మేనిఫోల్డ్ కింద, ఆయిల్ ఫిల్టర్ దగ్గరున్న సెండర్ తీసి అక్కడ పెట్టాలి. జాగ్రత్త: అక్కడి మర 1/8 బీఎస్‌పీటీ (బ్రిటిష్ పైపు మర). అమెరికా షాపుల్లో దొరికే గేజ్‌లు ఎక్కువగా 1/8 ఎన్‌పీటీ (అమెరికా పైపు మర). చూడ్డానికి ఒకేలా ఉంటాయి, రెండు చుట్లు ఎక్కుతాయి కూడా, తర్వాత బలవంతం చేస్తే బ్లాకు మర పోతుంది. అడాప్టర్ కొనండి.

ఇంజిన్ పూర్తి వేడి మీద 1000 ఆర్‌పీఎం దగ్గర 28–43 పీఎస్‌ఐ, 3000 దగ్గర 43–57 ఉండాలి. చల్లని ఇంజిన్ అంకె దేనికీ పనికిరాదు.

తర్వాత ఏ సిలిండరో పట్టాలి. ఒకరిని కారులో కూర్చోబెట్టి, చప్పుడు స్పష్టంగా వచ్చే ఆర్‌పీఎం దగ్గర పట్టించండి. ఒక్కో ఇంజెక్టర్ కనెక్టర్ తీసి వినండి, మళ్ళీ పెట్టండి. ఏది తీస్తే చప్పుడు చచ్చిపోతుందో లేదా సగమవుతుందో ఆ సిలిండర్ రాడ్డు బేరింగో, గజన్ పిన్నో (పిస్టన్‌ని రాడ్డుకి పట్టి ఉంచేది) దోషి. ఏది తీసినా మార్పు లేకపోతే లిఫ్టర్ల వైపో బయటి భాగాల వైపో తిరిగి చూడండి. పాత కనెక్టర్లకి సన్న తీగ క్లిప్పులుంటాయి, అవి ఎగిరి ఎటో పడతాయి. గుడ్డ కప్పి తీయండి.

పూర్వపు మెకానిక్కులు ప్లగ్ వైర్లు పీకి ఈ పరీక్ష చేసేవాళ్ళు. ఇందులో అలా చేయొద్దు. ఒకే కాయిల్ 1, 4 సిలిండర్లకి, ఇంకోటి 2, 3కి స్పార్కు ఇస్తుంది, ఒకటి పీకితే జత కూడా దెబ్బతిని జవాబు తప్పొస్తుంది. షాకు సంగతి సరే, మండని పెట్రోలు వెళ్ళి క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది.

చివరి సాక్ష్యం ఆయిల్ ఫిల్టర్. కోసి, లోపలి కాగితాన్ని మడతలు విప్పి తెల్ల గుడ్డ మీద పరవండి. నల్లటి మసి మామూలే. ఎండలోకి తెచ్చి వంచితే చెమ్కీలా మెరిస్తే అయస్కాంతం దగ్గరికి తీసుకెళ్ళండి. అంటుకోని వెండి, రాగి రంగు తునకలైతే బేరింగ్. అంటుకునే ఇనుప పొడి అయితే క్యాములు, పంపు లాంటివి చూడాలి. ఆయిల్ తీసేటప్పుడు సగం కారాక ఒక చిన్న సీసాలో పట్టుకుంటే ల్యాబుకి కూడా పంపవచ్చు.

బేరింగ్ ఖాయమైతే ఒక మాట: ఈ కారులో ఆయిల్ పాన్ ఊరికే విప్పలేం. కింద సబ్‌ఫ్రేమ్ అడ్డం, దాన్ని దించాలి లేదా ఇంజిన్ ఎత్తాలి. అంత పని చేసి, గీతలు పడ్డ క్రాంక్ మీద కొత్త షెల్స్ (బేరింగ్ ముక్కలు) వేస్తే మళ్ళీ మొదటికే వస్తుంది. గోటితో క్రాంక్ మీద గీస్తే గీత తగిలితే మెషిన్ షాపుకే. చాలామందికి మంచి వాడిన ఇంజిన్ తెచ్చి మార్చుకోవడమే చవక, నేనూ ముందు అదే ఆలోచించమంటాను.

క్లచ్ తొక్కితే మారే చప్పుడైతే, ఒకరు క్లచ్ తొక్కి వదులుతుండగా (ఇంజిన్ ఆపి) క్రాంక్ పుల్లీని చూడండి. కంటికి కనిపించేంత ముందుకు జరుగుతుంటే థ్రస్ట్ బేరింగ్. 1999, 2000 మోడళ్ళలో ఈ ఫిర్యాదు ఎక్కువ. కదలకపోతే రిలీజ్ బేరింగే, ఊపిరి పీల్చుకోండి.

8. నిజంగా తగ్గిందా?

ఒకసారికి ఒక్కటే మార్చండి. ఆయిల్, ప్లగ్గులు, టైమింగ్ మూడూ ఒకే ఆదివారం చేసేస్తే చప్పుడు పోయినా ఎందుకు పోయిందో తెలియదు, తిరిగొస్తే మళ్ళీ మొదటి నుంచి.

పింగింగ్ అయితే 87 పోయించి, అదే ఎత్తు, అదే గేరు, మధ్యాహ్నం ఎండలో, ఏసీ వేసి ఎక్కండి. చల్లని సాయంత్రం పరీక్షించి పండగ చేసుకోకండి. వారం తర్వాత టైమింగ్ లైటు మళ్ళీ కొట్టి, 10 దగ్గరే ఉందా చూడండి. అన్నీ సరిగ్గా ఉండి, నడివేసవిలో మాత్రమే కాస్త గలగల మిగిలితే టైమింగ్ 9 డిగ్రీలకి దించండి. ఇంకా హద్దుల్లోనే ఉన్నట్టు, పికప్‌లో తేడా తెలియదు.

లిఫ్టర్లయితే కారును రెండు రాత్రులు కదలకుండా ఉంచి, మూడో పొద్దున్న మొదటి స్టార్ట్ వినండి. మరీ పాత మురికి ఉన్న ఇంజిన్‌కి ఒక ఆయిల్ మార్పు చాలదు, వెయ్యి మైళ్ళకి రెండోసారి మార్చి అప్పుడు తేల్చండి.

బేరింగ్ అనుమానం వచ్చి, ఫిల్టర్ శుభ్రంగా ఉందని బయటపడ్డవాళ్ళు మెకానికల్ గేజ్‌ను అలాగే ఉంచి, 500 మైళ్ళకి ఇంకో ఫిల్టర్ కోయండి. రెండు ఫిల్టర్ల కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండోది మొదటిదాని కంటే ఎక్కువ మెరిస్తే, చప్పుడు ఎంత సన్నగా ఉన్నా సరే, కారు నడపడం ఆపి కొత్త ఇంజిన్ వెతకడం మొదలుపెట్టండి.